కంప్యూటర్లో అత్తగారు

హిందూపురంలో మురళీధర్ సారుకు ఇద్దరు పెళ్లాలని ఊరంతా చెప్పుకుంటూ తిరిగింది ఎవరో కాదు, ఆయన భార్య ఉషశ్రీయే. మొదటిది తాను. రెండోది కంప్యూటర్లో మాట్లాడే ఆడగొంతు. సారుకు పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఉన్నదంతా ఆ గొంతు చదివి వినిపిస్తుంటే, పెనుకొండ హైస్కూల్లో చెప్పే సోషల్ పాఠాలన్నీ దాని ముందు కూర్చునే తయారు చేసుకునేవాడు.

“నా సవతితో ముచ్చట్లయితే అన్నానికి లేయండి,” అనేది ఉషశ్రీ.

“అది నీ మాదిరి సాధించదు. చెప్పింది చదువుతాది, ఊరుకోమంటే ఊరుకుంటాది.”

“ఊరుకుంటాది సరే, అన్నం పెడతాదేమో అడగండి.”

ఇంత చక్కగా సాగే ముగ్గురి కాపురంలో చిక్కల్లా సిస్టమ్ పాతబడినప్పుడే వచ్చేది. పాతది తీసేసి కొత్తది వేస్తున్నంతసేపూ గొంతు మూగబోయేది. అప్పుడు ఉషశ్రీ పక్కన కూర్చుని తెర చదవాలి.

“ఏదో ఇంగ్లీషులో అడుగుతాండాది.”

“ఏమని?”

“చానా పెద్దగా అడుగుతాండాది. కింద రెండు గళ్లుండాయి. ఉండండి, కుక్కరు కూస్తాంది.”

ఆమె వచ్చేసరికి తెర మారిపోయేది. పోయినసారి ఇలాగే పొద్దంతా గడిచాక సారుకు ఒళ్లు మండింది. “ఈసారి నేనొక్కడినే వేసుకుంటా. నీ కండ్లు నాకేం అక్కర్లేదు పో!” అనేశాడు. ఉషశ్రీ లేచి వంటింట్లోకి పోయింది. అనకూడని మాట అన్నానని సారుకు అప్పుడే తెలుసు. తెలిసినా వెనక్కి తీసుకునే రకం కాదు.

వాళ్ల మధ్య ఓళిగల కేసు, అదే బొబ్బట్ల కేసు, ఒకటి కూడా నడుస్తూ ఉండేది. ధర్మవరంలో ఉషశ్రీ తమ్ముడు కేశవ గృహప్రవేశం నాడు దేవుడికి పెట్టకముందే ఓళిగలు తరిగిపోయాయి. దొంగ తన మొగుడేనని ఉషశ్రీ నమ్మకం.

“చూసినావా? రుజువుంటే చూపీ,” అనేవాడు సారు ధైర్యంగా.

“ఉండాది లెండి రుజువు,” అనేది ఆమె.

ఈలోగా సిస్టమ్ మళ్లీ పాతబడింది. తనలాంటి స్నేహితులతో ఫోన్లో మాట్లాడి సారు కొత్త సంగతి తెలుసుకున్నాడు. వేయడం మొదలుపెట్టగానే మూడు మీటలు కలిపి నొక్కితే, ఇప్పుడు గొంతు మధ్యలో కూడా పలుకుతుందట. ఇంకేం! స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చాటేశాడు. ఇక ఇంట్లో అడ్డం లేకుండా చూసుకోవాలి.

“ధర్మవరం పోయి కొత్త చీరలు చూసుకోని రారాదా? పాపం, మీ తమ్మున్ని చూసి ఎన్నాళ్లయింది!”

ఉషశ్రీ ధర్మవరం చీరలకు ఫోటోలు తీసి, ఫోన్లోనే అమ్ముతుంది. “ఏం సారూ, మా తమ్ముని మీద ఎప్పుడూ లేని ప్రేమ?” అంది అనుమానంగా. అయినా ఆదివారం పొద్దున్నే బయలుదేరింది. గడప దాటబోతూ ఆగింది.

“వచ్చేవారం మా అమ్మ సంవత్సరీకం గదా. ఫోటోలు కంప్యూటర్లోనే…”

“అన్నీ నేను చూసుకుంటా లే! కదులు, రైలు పోతాది.”

చెవులే కండ్లుగా బతికే మనిషి, ఆ ఒక్క మాట వినలేదు.

తన పాఠాలు, పాటలు అన్నీ జాగ్రత్తగా వేరే డిస్కులోకి ఎక్కించుకున్నాడు. తర్వాత ఉషశ్రీ వాడుకునే భాగం తెరిచాడు. “ఐఎంజీ నాలుగు సున్నా ఏడు… ఐఎంజీ నాలుగు సున్నా ఎనిమిది…” అని గొంతు వరసగా అంకెలు చదువుకుంటూ పోయింది. అమ్ముడుపోయిన చీరల బొమ్మలు ఇంకా దేనికి అనుకుని, వాటిని ఎక్కించకుండా వదిలేశాడు. డిస్కులో చోటు లేక కాదు. ఫోన్ చేసి ఒక మాట అడగొచ్చు కూడా. కానీ అడిగితే ఒక్కడే చేసినట్టు ఎలా అవుతుంది?

పెన్‌డ్రైవ్ పెట్టి మూడు మీటలూ నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. చొక్కా తడిసిపోయింది. చివరికి తడుముకుంటూ పోతే స్పీకరు వైరు ఊడి చేతికొచ్చింది. సరిగ్గా గుచ్చగానే గొంతు పలికింది. ఆ నిమిషాన సారుకు ఏడుపొచ్చినంత పనైంది. తర్వాతవన్నీ తానే విని, తానే నొక్కాడు. ఈ భాగం చెరిపితే ఇందులో ఉన్నవన్నీ పోతాయి, సరేనా అని అది అడిగితే, “సరే!” అని పైకే అన్నాడు.

సాయంత్రానికి కొత్త సిస్టమ్, కొత్త గొంతు. ఏ కంటి సాయమూ లేకుండా! గది మధ్యలో నిలబడి తనకు తానే చప్పట్లు కొట్టుకున్నాడు. అంతలో కేశవ ఫోను.

“బావా, సంవత్సరీకానికి అమ్మ ఫోటో పెద్దది చేయించల్ల. అక్క ఫోన్లో చీరలకే జాగా చాలక, అమ్మవన్నీ నీ కంప్యూటర్లో పెట్టిందంట. ఒకటి పంపు.”



“కేశవా… ఈడ కరెంటు లేదప్పా.”

“నెట్‌వర్క్ కనెక్టెడ్,” అంది వెనక నుంచి కొత్త గొంతు, ఖంగున.

ఫోన్లో ఉషశ్రీ అందుకుంది. “ఏం సారూ, కరెంటు లేకుంటే అదెట్ల మాట్లాడుతాండాది?”

“కొత్త సిస్టమ్ వేసినా ఉషా. నేనొక్కడినే.”

“నిజంగానా! ఎవురూ లేకుండానే? కేశవా, విన్యావా, మీ బావ ఒక్కడే వేసినాడంట!” ఆ సంతోషం వింటుంటే సారుకు ప్రాణం చచ్చిపోయింది.

“ఉషా… అయ్యి వట్టి అంకెలనుకున్యా. చెరిపేసినా.”

అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది.

మరునాడు ఆమె వచ్చింది, తిట్టలేదు. కంప్యూటరు షాపులో ఎంత తవ్వించినా సగం చీరలు దొరికాయి గానీ అత్తగారు సావిత్రమ్మ దొరకలేదు. చివరికి ఆధార్ కార్డు మీది ఫోటోనే పెద్దది చేయించి దండ వేశారు. “అందులో మా అమ్మ పోలీసులు పట్టుకొచ్చిన దొంగ మాదిరి ఉండాది,” అని ఉషశ్రీ కండ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం సారు ఆమె పక్కన కూర్చున్నాడు. “తిట్టు ఉషా. నాకు కండ్లు లేక ఇంత పని జరిగింది.”

“కండ్లు లేక కాదు. నోరుండీ అడగక పోయినాయి ఫోటోలు.”

నీ కండ్లు అక్కర్లేదన్న మాట కూడా ఇప్పుడు గుర్తొచ్చి గుచ్చుకుంది. “తప్పయిపోయింది ఉషా. అప్పుడన్న మాట గూడా,” అన్నాడు. తర్వాత, “ఆ ఫోటోల్లో ఏముండేది?” అన్నాడు.

“పెండ్లయిన ఇన్నేండ్లకు అడిగినారు. ఇప్పుడు మీకూ నాకూ ఒకటే లెక్క. నాకూ కనపడవు.” అయినా చెప్పింది. “కేశవ గృహప్రవేశం నాటిది ఒకటుండె. అమ్మ నేరేడుపండు రంగు చీర కట్టుకోని, కొంగు నడుముకు దోపుకోని, నోరంతా తెరిచి నవ్వుతాంటాది. పెద్దది చేయిద్దామనుకున్నది అదే.”

“దేన్ని చూసి నవ్వుతాంటాది?”

“వంటింటి తలుపు సందున మిమ్మల్ని. మీరూ ఫోటోలో పడినారు, నోట్లో ఒక ఓళిగ, చేతిలో ఇంకోటి.”

ఆ నవ్వు సారుకు బాగా గుర్తుంది. ఎందుకు నవ్విందో మాత్రం ఇన్నాళ్లూ తెలియదు. రుజువును తన చేత్తోనే చెరిపేసుకుని కూడా దొరికిపోయాడు.

“మూడు,” అన్నాడు తల వంచుకుని. “ఒకటి జోబీలో ఉన్నింది. ఫోటోలో పడలేదేమో.”