బెంచీ పలక మీద అనుమానాస్పద పదం

"ఇంగ్లీషు భాషలో ఏ మాటా ఇంతవరకు నా కన్నుగప్పి పోలేదు," అని హంఫ్రీ ప్రాట్ ప్రకటించాడు. గ్రామ సంఘం సభ్యులు ఐదుగురూ టీ తాగడం ఆపలేదు. ఆయన లండన్‌లో ముప్ఫై ఏళ్ళు బస్సు టిక్కెట్లు తనిఖీ చేసి, రిటైరయ్యాక ఈ స్టాఫర్డ్‌షైర్ కొండల్లో ఇల్లు కొనుక్కుని, ఎవరూ అడక్కుండానే డిటెక్టివ్ అయ్యాడు. సంఘంలో మిగతావాళ్ళూ ఇంగ్లండ్ దక్షిణాది నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళే.

కేసు ఇదీ. ఎల్సీ క్లౌజ్ అనే పెద్దావిడ, పోయిన భర్త పేరిట బాతుల గుంట గట్టున బెంచీ వేయిస్తానంది. దాని పలక మీద చెక్కించమని రాసిచ్చింది: "ఆల్బర్ట్ క్లౌజ్, పోస్ట్‌మాన్. ఎన్నడూ నెష్ కాదు." నెష్ అంటే ఏమిటో సంఘంలో ఒక్కరికీ తెలియదు. బూతేమోనని ఒకరికి, అసలు ఇంగ్లీషే కాదేమోనని మరొకరికి అనుమానం. గురువారంలోగా తేలకపోతే అది కొట్టేసి, అందరి బెంచీల మీదా ఉండే "ప్రియ జ్ఞాపకార్థం" వేయిద్దామని తీర్మానించారు. ఆవిడకు మాత్రం ఆ ఒక్క ముక్క తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

ఆవిడనే అడిగితే అర నిమిషంలో తేలిపోయేది. కానీ మొగుడు పోయిన మనిషిని ముఖాన అడగడం అమర్యాద కదా. ఎదురుపడితే వాన వచ్చేలా ఉందనాలి, ఆవిడ అవుననాలి, అక్కడితో సరి. కాబట్టి చాటుగా నిఘా పెట్టడమే మర్యాదస్తుల పద్ధతి అని అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

హంఫ్రీ లైబ్రరీ నుంచి అతి పెద్ద నిఘంటువు మోసుకొచ్చాడు. తెరవడానికి కాదు. "నిఘంటువు చూడ్డం గుమాస్తాల పని, మ్యూరియల్. డిటెక్టివ్ మనుషుల్ని చదువుతాడు," అని భార్యకు చెప్పి, దాన్ని ఎల్సీ పెరటి గోడకి ఆనించి ఎక్కి నిలబడ్డాడు. ఎత్తు సరిగ్గా సరిపోయింది. నవంబరు ముసురులో మూడు రోజులు తొంగిచూసి, ఆవిడ రోజూ రెండు కప్పుల్లో టీ పోస్తోందని కనిపెట్టాడు. రెండో కప్పు ఎవరూ తాగడం లేదు. విదేశీ గూఢచారి ఇంకా రాలేదని నోటుబుక్కులో రాసుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం తడిసిన అట్ట మీద కాలు జారింది. నిఘంటువుతో సహా వెళ్ళి వెనకున్న బాతుల గుంటలో పడ్డాడు. ఎల్సీ వచ్చి చెయ్యిచ్చి లాగి, వంటింట్లో పొయ్యి ముందు కూర్చోబెట్టి దుప్పటి కప్పింది. పుస్తకాన్నీ పక్కనే ఆరబెట్టింది. హంఫ్రీ పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఏంటి నాయనా, కాసిని నీళ్ళు తగిలితేనే ఇంత వణుకా? మరీ నెష్‌గా ఉన్నావే."

హంఫ్రీ వణకడం మర్చిపోయాడు. "నెష్... అంటే?"

"చలికి ఓర్చుకోలేనివాడని. మా అమ్మా అనేది, అమ్మమ్మా అనేది. మీ లండన్‌లో అనరా?"

హంఫ్రీ మొదటిసారి నిఘంటువు తెరిచాడు. తడి పేజీలు ఒక్కొక్కటే విడదీస్తూ వెళితే దొరికింది. మెత్తన, సుకుమారం అనే అర్థంలో వెయ్యేళ్ళ నాటి పాత ఇంగ్లీషు మాట. సంఘం సభ్యులు ఇళ్ళు కొనుక్కోవడానికి చాలా ముందు నుంచే అది ఈ ప్రాంతంలో కాపురముంటోంది. ఆయనకి సిగ్గేసింది.

ఎల్సీ రెండో కప్పు ఆయన ముందుకు జరిపింది. "ఆల్బర్ట్ నలభై ఏళ్ళు మంచులో ఉత్తరాలు పంచాడు, కోటు గుండీ పెట్టుకోకుండా. చివరి వారం ఆస్పత్రిలో దుప్పటి అడిగాడు. మర్నాడు ఇంకోటి అడిగాడు. ఎవరికీ చెప్పకే అన్నాడు. అందుకే పలక మీద అలా వేయించమన్నా."

గురువారం హంఫ్రీ సంఘం ముందు గంటసేపు మాట్లాడాడు. నడుం లోతు గుంట ఆ గంటలో మెడ లోతు అయింది. వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఆమోదించారు.

"అయినా మనిషన్నాక చలెయ్యదా? ఆల్బర్ట్‌కి నిజంగా ఒక్కసారి కూడా వెయ్యలేదంటారా?" అని ఒకరు అడిగారు.

హంఫ్రీ నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు.

"అంతా గాలించాను," అన్నాడు. "ఒక్క ఆధారమూ దొరకలేదు."