నలుగురు దాతల కారు

దివిసీమలోని పాతరేవులంకకు రోగులను ఆసుపత్రికి చేర్చే కారు సమకూరిన శుభసందర్భాన, 1998లో, ఆ గ్రామాభివృద్ధి సంఘం తనను తాను అభినందించుకుంటూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. కారు సెకండ్‌హ్యాండ్ అంబాసిడర్. ఇంజను బాగుంది, సీట్లు బాగున్నాయి. టైర్లు కాస్త అరిగాయి. ఇంకో ఏడాది వాటితోనే నడిపేయవచ్చు. కానీ దాత పేరు లేని వస్తువు మన ఊళ్లలో వస్తువుగా చెల్లదు.

సంఘం కార్యదర్శి చలపతిరావు హైస్కూల్లో లెక్కల మాస్టారు. వృత్తం చుట్టుకొలత సూత్రాన్ని ఏళ్ల తరబడి పిల్లల చేత వల్లె వేయిస్తున్న మనిషి. నాలుగు చక్రాలకు నలుగురు దాతలను పట్టాలన్న ఆలోచన ఆయనదే. టైరు మీద దాత పేరు తెల్లరంగుతో రాయిస్తామని ఆయన ప్రకటించగానే, పెద్దమనుషులకు రోగుల మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది.

ముందుగా రైసుమిల్లు గోవర్ధనరావుగారు ఆ కారుకు సరిపోయే టైరే తెచ్చి ఇచ్చారు. అటువంటి పొరపాటు ఆయన మళ్లీ చేయలేదు. తర్వాత రొయ్యల చెరువుల మత్తయిగారు గుడివాడ వెళ్లి, అంతకంటే పెద్దది చూపించమన్నారు. ఏ కారుకండీ అని కొట్టతను అడిగాడు.

"కారుతో నీకేం పనయ్యా, ఇచ్చేది నేను" అన్నారు మత్తయిగారు.

కొట్టతను జీపు టైరు, దానికి తగిన రిమ్ము బయటికి తీశాడు. ఎరువుల కొట్టు యజమాని అంతకంటే పెద్దది పట్టుకొచ్చారు. పడవల యజమాని వ్యాను చక్రం దించారు. తలకొట్టేసినట్టయిన గోవర్ధనరావుగారు తన టైరు వెనక్కి తీసుకుని, ట్రాక్టరు ట్రక్కు చక్రాన్ని నలుగురి చేత దొర్లించుకుంటూ ఊరేగింపుగా తెచ్చారు. వాటిని బిగించడానికి బందరు నుంచి వెల్డింగు మనిషి వచ్చి కారు మడ్‌గార్డులు కోసేశాడు.

నాలుగు చక్రాలూ ఒకే సైజులో ఉండాలన్న సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదనుకోకండి. పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. ఏ చక్రం ఎంత పెద్దదైతే కారు ఎటువైపు ఎంత లాగుతుందో చలపతిరావు వేళ్ల మీద లెక్క కట్టి చెప్పగలరు. చెప్పలేదు. దాత మనసు నొప్పించకపోవడం అన్ని శాస్త్రాల కంటే పెద్ద శాస్త్రం. పైగా బడికి ప్రహరీగోడ ఇంకా కట్టాల్సి ఉంది.

ప్రారంభోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి ఒక పక్కకు ఒరిగి నిలబడ్డ కారును చూసి చలించిపోయారు. "భిన్నత్వంలో ఏకత్వమంటే ఏమిటో ఈ నాలుగు చక్రాలను చూసి దేశం నేర్చుకోవాలి. చక్రాలలో హెచ్చుతగ్గులు ఉండవచ్చు, దాతల హృదయాలలో లేవు" అన్నారు. చప్పట్లు మోగాయి. డ్రైవరు బాబ్జీ స్టీరింగును కుడివైపుకు గట్టిగా తిప్పి పట్టుకుని, కారును వీలైనంత తిన్నగా సభాస్థలి దాటించాడు.

ఆ తర్వాత సంఘం మరికొన్ని ప్రజోపయోగ నిర్ణయాలు తీసుకుంది. బురదలో పేర్లు పాడవుతాయి కాబట్టి వానాకాలంలో కారు తీయరాదు. చక్రం జోరుగా తిరిగితే పేరు కనపడదు కాబట్టి, దారిన పోయేవారు చదువుకోగలిగిన వేగాన్ని మించరాదు. ఈ నిబంధనలన్నీ చలపతిరావు తన గుండ్రటి దస్తూరీతో రాశారు.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన తల్లి కనకమహాలక్ష్మమ్మకు గుండెల్లో నొప్పి వచ్చింది. వెంటనే బందరు తీసుకెళ్లాలన్నాడు ఊరి వైద్యుడు. బాబ్జీ పరిగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ, పాత చక్రాలు నాలుగూ బడి వెనకాల పడున్నాయండి. మీరు ఊఁ అనండి, చిటికెలో మార్చేస్తాను."

దాతలతో ఒక మాట చెప్పి వస్తానని చలపతిరావు సైకిలెక్కారు. గోవర్ధనరావుగారు ఎంతో నొచ్చుకుని, నిరభ్యంతరంగా మార్చుకోమన్నారు. అయితే మొదట మత్తయిగారి చక్రం ఊడాలి, ఆ తర్వాతే తనది. మత్తయిగారు అమ్మగారి కోసం అప్పటికప్పుడు ప్రార్థన చేసి, గోవర్ధనరావుగారి చక్రం ఊడిన మరుక్షణం తనది ఊడదీసుకోమన్నారు. మిగతా ఇద్దరూ, పెద్దలిద్దరూ ఎలా అంటే అలాగే అన్నారు. అందరూ ఒప్పుకున్నారు. ఒక్క చక్రమూ ఊడలేదు.

చలపతిరావు తిరిగొచ్చేసరికి తల్లి చెమటలు కక్కుతోంది. సంగతి విని కొడుకు చెయ్యి పట్టుకుంది.

"పేర్లదేముందిరా, మళ్లీ రాయించుకోవచ్చు. ముందు నన్ను తీసుకెళ్లరా నాయనా."

ఆయన ఆమెను అవే చక్రాల మీద బయల్దేరదీశారు. కాలవగట్టు మలుపులో ముందు చక్రం బాడీకి పట్టేసి, స్టీరింగు ఇక తిరగలేదు. బాబ్జీ దిగి గడ్డపలుగు కోసం పరిగెత్తాడు. వాడు వచ్చేలోగా కనకమహాలక్ష్మమ్మ కొడుకు ఒళ్లోనే ప్రాణం వదిలింది. బందరు బస్సు వెళ్లే రోడ్డు అక్కడికి కనిపిస్తూనే ఉంది.

చలపతిరావు కుమిలిపోయారు. దాతల మీద మండిపోయారు, అంతకు మించి తన మీద తనకే అసహ్యం వేసింది. సంతాప సభలో ఆ నలుగురినీ పేరుపేరునా నిలదీయాలనీ, చక్రాలు పీకించి కాలవలో పారేయించాలనీ నిశ్చయించుకున్నారు. ఏ మాట తర్వాత ఏ మాట అనాలో కూడా సిద్ధం చేసుకున్నారు.

సభలో దాతలు నలుగురూ ముందు వరుసలో తలలు దించుకుని కూర్చున్నారు. చలపతిరావు మైకు ముందుకొచ్చారు. వెనక బెంచీల్లో కొందరు, ఇవాళ కడిగేస్తాడని గుసగుసలాడారు.

"మా అమ్మ జ్ఞాపకార్థం" అన్నారాయన, "ఈ కారుకు స్టెప్నీ నేను సమర్పించుకుంటున్నాను. నాలుగింటి కంటే పెద్దది."

హాలు దద్దరిల్లింది. గోవర్ధనరావుగారు లేచొచ్చి ఆయనను కౌగలించుకున్నారు. లారీది కావడం వల్ల స్టెప్నీ డిక్కీలో పట్టలేదు. కారు నెత్తిన కట్టారు. కీర్తిశేషురాలి పేరు దూరానికి కూడా బాగా కనపడుతుంది.

కారు ఇప్పుడు షెడ్డులో భద్రంగా ఉంది. రోగులు బస్సులో వెళ్తున్నారు. తలుపులు, బానెట్టు, డిక్కీ కూడా దాతల పేర్లతో నిండిపోయాయి. ముందు అద్దం ఒక్కటే ఇంకా ఖాళీగా ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే ఆలోచించండి.