ఎడమ బుగ్గ సొట్ట

ఇకమీదట దేశంలో ఏ కారునైనా అందాన్ని బట్టే చూడాలి తప్ప మైలేజీని బట్టి, బ్రేకులను బట్టి, అసలు అది కదులుతుందా లేదా అన్నదాన్ని బట్టి చూడటం సంస్కారం అనిపించుకోదని రహదారుల శాఖ మంత్రిగారు ప్రకటించారు. వచ్చే ఆదివారం స్టేడియంలో జాతీయ సుందర వాహన పోటీ జరుగుతుందనీ, పౌరులంతా తమకు ముద్దొచ్చే కార్లను ముస్తాబు చేసి తీసుకురావాలనీ పిలుపునిచ్చారు.

పత్రికల వాళ్ళలో ఒకడు లేచాడు. "రోడ్ల మీద గుంతల సంగతేంటి సార్?"

"మంచి ప్రశ్న," అన్నారు మంత్రిగారు. "అందమైన కారు రయ్యిమని వెళ్ళిపోతే చూసేవాళ్ళకేం మిగులుతుంది? నిదానంగా, వయ్యారంగా, ఊగుతూ వెళ్ళాలి. మా శాఖ ఆ ఏర్పాట్లు ఎప్పుడో చేసింది."

చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు మొదలుపెట్టి, అందరికంటే చివర ఆపినవాడు మంత్రిగారి ప్రచార అధికారి. ఈ కథ అతనిదే.

ప్రచార అధికారి చాలా మంచివాడు. ఎవరినీ నొప్పించి ఎరగడు. ముఖ్యంగా తనను బదిలీ చేయగల వాళ్ళను అసలే నొప్పించడు. మంత్రిగారి సొంత కారును మొదటిసారి చూసిన రోజునే అతని ప్రతిభ బయటపడింది. ఆ కారు ఆవపిండి రంగులో ఉంటుంది. ముక్కు పొడుగు. ముందు దీపాలు రెండూ రెండు దిక్కులు చూస్తుంటాయి. ఎడమవైపు బుగ్గ మీద, ఎప్పుడో గేటు స్తంభానికి గుద్దుకున్నప్పటి సొట్ట ఉంది. దాన్ని చూడగానే, పంటినొప్పితో చెంప పట్టుకుని కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు అధికారికి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని గుటుక్కున మింగి, "తపస్సులో ఉన్నట్టుంది సార్," అన్నాడు.

"నువ్వొక్కడివే కనిపెట్టావయ్యా!" అని మంత్రిగారు అతన్ని కౌగలించుకున్నారు. అప్పటినుంచీ అతని కుర్చీకి చేతులు వచ్చాయి.

ప్రకటన వెలువడిన మర్నాడు మంత్రిగారు అతన్ని గదిలోకి పిలిచి తలుపు వేయమన్నారు.

"చూడవయ్యా, పోటీలో నా బండి ఉండకూడదు. నేనే న్యాయనిర్ణేతను కాబట్టి పక్షపాతం అంటారు."

"అలాగే సార్."

మంత్రిగారు కాసేపు ఫ్యాను వంక చూశారు. "అలాగే అంటే?"

"ఉండకూడదన్నారు కదా, ఉండదు సార్."

"నేను వద్దన్నాను. నువ్వు విన్నావు. అక్కడితో నా బాధ్యత తీరిపోయింది. ఇక నీ బాధ్యత ఏంటో నువ్వు ఆలోచించుకో."

"అంటే, ఉండాలా సార్?"

"ఛ, ఛ! నన్ను అడక్కు. బండి ఎవరి పేరు మీద వస్తుందో, ఎలా వస్తుందో, ఎలా గెలుస్తుందో నాకేమీ తెలియకూడదు. తెలిస్తే నా నిజాయితీ ఏం కావాలి? పోటీలో నంబరు ప్లేట్లన్నిటికీ గుడ్డ కట్టించు. నిష్పక్షపాతం అంటే అదీ." అని, అతను తలుపు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచారు. "అన్నట్టు నీకు సముద్రం అంటే ఇష్టమేనా?"

"ఎందుకు సార్?"

"తీరప్రాంత దీపస్తంభాల శాఖలో ఒక పోస్టు ఖాళీగా ఉందట. చుట్టూ నీళ్ళే. చాలా ప్రశాంతంగా ఉంటుందంటున్నారు."

ప్రచార అధికారి గబగబా మెట్లు దిగాడు. ఇంటికి వెళ్ళి భార్యకు మొత్తం చెప్పుకున్నాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ విని, "ఆ తపస్సులో ఉన్న మొహమేనా?" అని అడిగింది.

"అదే."

"ఆ మొహంతో అది గెలవాలంటే చూసేవాళ్ళకు కళ్ళయినా ఉండకూడదు, దానికి ఆ మొహమైనా ఉండకూడదు. నేను మాత్రం ఏ దీపస్తంభానికీ రానండీ, ముందే చెప్తున్నాను. పడవ ఎక్కితే నాకు వాంతులు."

అతని బుర్రలో బల్బు వెలిగింది. చూసేవాళ్ళ కళ్ళు అతని చేతిలో లేవు. మొహం ఉంది.

మంత్రిగారు విదేశాల్లో రోడ్లు ఎలా ఉంటాయో చూసి రావడానికి వెళ్ళగానే, అతను ఆ కారును డెంటింగ్, పెయింటింగ్ చేసే మేస్త్రీ షెడ్డుకు తోలుకెళ్ళాడు.

"ఏం చేయమంటారు సార్?" అన్నాడు మేస్త్రీ.

"అందంగా చెయ్యి."

"ఎంత అందంగా?"

"సముద్రం కనిపించనంత."

మేస్త్రీ ఎదురు ప్రశ్న వేయలేదు. సర్కారు పనుల్లో అర్థం అడిగితే ఆలస్యమవుతుందని అతనికి అనుభవం. సొట్ట బయటికి లాగాడు. దీపాలు రెండింటినీ ఒకే దిక్కుకు తిప్పాడు. ఆవపిండి రంగు గీకేసి, పండిన దానిమ్మ గింజ రంగు వేసి, పాలిష్ పట్టాడు. శనివారం పొద్దున షెడ్డులోంచి బయటికి వచ్చిన కారును చూసి ప్రచార అధికారి నోరు వెళ్ళబెట్టాడు. ఎండ దాని మీద పడి జారిపోతోంది. బుగ్గలో ఆకాశం కనిపిస్తోంది. అతను చెయ్యి వెయ్యబోయి, మరక పడుతుందేమోనని వెనక్కి తీసుకున్నాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, ఎవరూ అడక్కుండానే "ఎంత బాగుందో!" అన్నాడు. అని, తనే ఉలిక్కిపడ్డాడు. తీరా చూస్తే అది అబద్ధం కాదు.

సాయంత్రం మంత్రిగారు విమానం దిగగానే విషయం చెవిన వేయబోయాడు. "సార్, మన బండికి కొద్దిగా..."

"ష్! ఒక్క ముక్క చెప్పొద్దు," అని మంత్రిగారు రెండు చెవులూ మూసుకున్నారు. "నిజాయితీ, నిజాయితీ!"

ఆదివారం స్టేడియం కిక్కిరిసిపోయింది. పొగ వస్తే అందం మాసిపోతుందని ఎవరూ ఇంజను స్టార్ట్ చేయకూడదన్నది నిబంధన. కార్లన్నీ లారీల మీద వచ్చాయి. కార్యకర్తలు వాటిని ఒక్కొక్కటే నెట్టుకుంటూ ఎర్ర తివాచీ మీద నడిపించారు. ఒకాయన తన కారుకు కనురెప్పలు అతికించాడు. ఒకావిడ తన కారు సిగ్గరి అనీ, జనం అంతా కళ్ళు మూసుకుంటే గానీ ముందుకు రాదనీ మైకులో చెప్పించింది. అందరూ మూసుకున్నారు. కారు వచ్చి వెళ్ళింది. చాలా బాగుందని చప్పట్లు కొట్టారు.

మంత్రిగారికి సలహాదారులుగా ఒక పళ్ళ డాక్టరు, ఒక బ్యూటీ పార్లర్ యజమానురాలు ఉన్నారు. డాక్టరు ప్రతి కారు ముందు జాలీని టార్చి వేసి చూసి, "పై వరస పర్వాలేదు, కింది వరసకు క్లిప్పు వేయించాలి," అని రాసుకున్నాడు. పార్లర్ ఆవిడ డిక్కీ మీద వేలితో రాసి, "స్కిన్ డ్రైగా ఉంది," అంది. తుది తీర్పు మాత్రం మంత్రిగారిదేనని ఇద్దరూ ముందే సంతకాలు పెట్టారు.

దానిమ్మ రంగు కారు తివాచీ మీదికి రాగానే జనం అరుపులకు స్టేడియం అదిరింది. మంత్రిగారు దాన్ని పైనుంచి కిందిదాకా చూసి మొహం చిట్లించారు.

"ఇదేంటయ్యా ఇంత మేకప్పు? ఎవడిదోగానీ బొత్తిగా టేస్టు లేని మనిషి."

"సార్, ఒక్కసారి మొహంలోకి చూడండి. ఎక్కడో చూసినట్టు లేదూ?"

"నేనిలాంటి వాటి మొహం చూడను. పక్కకు నెట్టించు."

"సార్, అది..."

"నిజాయితీ!" అని గద్దించారు మంత్రిగారు. ఆయన కళ్ళు అప్పటికే వరస చివరికి పరిగెత్తాయి. అక్కడ ఆవపిండి రంగులో, పొడుగు ముక్కుతో, రెండు దీపాలూ రెండు దిక్కులు చూస్తూ, ఎడమ బుగ్గ మీద సొట్టతో ఒక కారు నిలబడి ఉంది.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. ప్రచార అధికారి భుజం తట్టి, "అసాధ్యుడివయ్యా!" అని చెవిలో అన్నారు. అధికారికి తల తిరిగింది. మంత్రిగారి కారేమో అవతల దానిమ్మలా మెరుస్తూ ఉంది. మరి ఈ మంత్రిగారి కారు ఎవరిది?

మంత్రిగారు మైకు అందుకున్నారు. "ప్రజలారా! అందం అంటే మెరుపు కాదు. ఆ బుగ్గ చూడండి. జీవితంలో దెబ్బలు తిని కూడా నవ్వుతున్న బుగ్గ! ఆ చూపు చూడండి. ఒక కన్ను ప్రజల మీద, ఒక కన్ను భవిష్యత్తు మీద! ఇలాంటి కారును ప్రేమించగలిగిన మనిషి ఎవరో నాకు తెలియదు. తెలియకుండానే చెబుతున్నాను, అతను మామూలు మనిషి కాదు. ఈ దేశం పగ్గాలు పట్టవలసిన మనిషి. మొదటి బహుమతి దీనికే!"

నంబరు ప్లేటు మీది గుడ్డ తీశారు. జనంలోంచి చేతులు జోడిస్తూ ప్రతిపక్ష నాయకుడు లేచి వచ్చాడు.

"నా బండిని ఇంతగా అర్థం చేసుకున్నవాళ్ళు లేరు," అన్నాడు గొంతు వణికిస్తూ. "ఇన్నాళ్ళూ ఈ ప్రభుత్వం గుడ్డిదని తిట్టాను. అందాన్ని చూడగల కళ్ళు దీనికి ఉన్నాయని ఇవాళే తెలిసింది. ఇక అవతల ఎందుకుండాలి? ఇప్పుడే, ఈ తివాచీ మీదే, మీ పార్టీలో చేరిపోతున్నాను."

జనం ఊగిపోయారు. మంత్రిగారు మైకు వంక, కారు వంక, ప్రచార అధికారి వంక మార్చి మార్చి చూశారు. వేదిక దిగుతున్న నాయకుడిని అధికారి మెల్లగా అడిగాడు. "ఆ సొట్ట ఎలా పడిందండీ?"

"సుత్తితో నేనే కొట్టానయ్యా. మంత్రి కళ్ళకు ఏది అందమో ఊరంతటికీ తెలుసు. అదే మోడల్ వెతికి కొన్నాను."

కాసేపటికి మంత్రిగారి ఫోన్ మోగింది. మాట్లాడుతున్నది తమ పార్టీ అధినేత. ఫోన్ పక్కవాళ్ళకు కూడా వినిపించేంత సంతోషంగా ఉన్నాడు.

"భలే లాక్కొచ్చావయ్యా! దేశం పగ్గాలు పట్టవలసిన మనిషన్నావట, టీవీలో విన్నాను. నీ మాట కాదంటానా? ఇందాకే ఆయనకు ఫోన్ చేసి ఏ శాఖ కావాలని అడిగితే రహదారులన్నాడు. గంటలో ప్రమాణస్వీకారం. ఆయన్ని ఆ బహుమతి కారులోనే తీసుకురండి. ఫొటోలు బాగుంటాయి."

మాజీ మంత్రి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కొత్త మంత్రిగారు వెనక సీటులో ఆసీనులయ్యారు. ప్రచార అధికారి పరుగున వెళ్ళి తలుపు వేసి, డ్రైవరు సీటులో కూర్చుని తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు. దిగి బానెట్ ఎత్తాడు. లోపల ఒక దిండు ఉంది.

"ఇంజను ఏదండీ?"

"తీయించేశాను," అన్నారు కొత్త మంత్రిగారు. "దాని బరువుకు ముక్కు కిందికి వాలుతోంది. పోటీ అందానికేగా?"

ప్రచార అధికారి బానెట్ దించి, కోటు విప్పి, వెనక్కి వెళ్ళి భుజం ఆనించాడు. కార్యకర్తలు పరిగెత్తుకొచ్చారు. కారు కదిలి, స్టేడియం గేటు దాటి, రోడ్డెక్కి, మొదటి గుంతలోకి వయ్యారంగా దిగింది. ఫొటోగ్రాఫర్లు పక్కన పరిగెడుతున్నారు. "కొత్త మంత్రి కోసం కదిలిన జనం" అని ఒక విలేకరి నడుస్తూనే రాసేసుకున్నాడు.

కాసేపటికి అధికారి పక్కన ఇంకో భుజం వచ్చి ఆనింది. చూస్తే మాజీ మంత్రి. రొప్పుతూ తోస్తున్నాడు.

"అసలు నా బండి ఏదయ్యా?"

"స్టేడియంలో ఉండిపోయింది సార్. ఆ దానిమ్మ రంగుది."

మాజీ మంత్రి కారును ఇంకో రెండు గుంతలు దాటించాడు. తర్వాత, "అది స్టార్టవుతుందా?" అన్నాడు.

"చక్కగా అవుతుంది సార్."

"మరి ఆయన్ని అందులో తీసుకెళ్ళొచ్చుగా?"

"ఎలా సార్? అది ఓడిపోయిన బండి."

అదీ నిజమేనన్నట్టు తలాడించి మాజీ మంత్రి మళ్ళీ తోయడం మొదలుపెట్టాడు. పెద్ద గుంత వచ్చింది. ఇద్దరూ పళ్ళు బిగించి, ఒక్క ఊపున కారును గట్టెక్కించారు. కొత్త మంత్రిగారు కిటికీలోంచి తల బయటపెట్టి, వెనక్కి తిరిగి చూడకుండానే, జనానికి చెయ్యి ఊపుతూ అడిగారు.

"వెనక బాగా తోస్తున్నది ఎవరయ్యా?"

"నేనే సార్!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.