కనకరాజు మెడ, తిరుపతి కాలు

ఆ సోమవారం కనకరాజు పెట్టుకున్న పని ఒక్కటే. డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని నాచారం ఫ్యాక్టరీకి పోవాలి, మేనేజరుకు చూపించాలి, బస్తాలు మోసే పని తప్పించి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టమని అడగాలి. పన్నెండు రోజులుగా అతనికి నిద్ర లేదు. మెడలో మొదలైన నొప్పి భుజం మీదుగా దిగి కుడిచేతి బొటనవేలిని మొద్దుబారుస్తోంది. మెడ ఎముకల మధ్య నరం నొక్కుకుపోయిందని, పట్టీ పెట్టుకుని, మాత్రలు వేసుకుని, నేర్పిన వ్యాయామాలు చేస్తే కొన్ని వారాల్లో సర్దుకుంటుందని డాక్టరు చెప్పాడు. బరువులు మోయడం మానకపోతే చెయ్యి పట్టు తప్పుతుందన్నాడు. మెడకు మాలిష్ చేయించుకోవద్దని, విరిపించుకోవద్దని రెండుసార్లు చెప్పాడు. తన్నించుకోవద్దని మాత్రం చెప్పలేదు. పాపం, ఆయనకు కౌసల్యమ్మ తెలియదు.

కౌసల్యమ్మ కనకరాజు భార్య. నడుము పట్టేసినా మెడ పట్టేసినా, ఎదురుకాళ్లతో పుట్టినవాడి కాలు మూడుసార్లు తగిలితే వదిలిపోతుందని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అలాంటివాడు ఉప్పల్‌లో వాళ్ల పక్క వాటాలోనే అద్దెకుంటున్నాడు. పేరు తిరుపతి, కనకరాజుతోపాటే బస్తాలు మోసే మనిషి.

"డాక్టర్ ఎవ్వర్నీ ముట్టనియ్యద్దన్నడే," అన్నాడు కనకరాజు.

"చేతులతోని ముట్టద్దన్నడు. ఇది కాలు," అంది కౌసల్యమ్మ.

వాదించే ఓపిక కనకరాజుకు పన్నెండు రోజుల కిందటే అయిపోయింది. పట్టీ తీసి, గడప మీద తల పెట్టి బోర్లా పడుకున్నాడు. పెద్దవాడికి కాలు తగిలిస్తే పాపమని తిరుపతి చాలాసేపు నసిగాడు. చివరికి ముందుగానే కనకరాజు కాళ్లకు దండం పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, మెడ మీద మూడుసార్లు కాలు తాకించాడు. నొప్పి తగ్గలేదు, పెరగలేదు.

సరిగ్గా మూడోసారికి సురేష్ ఆ సందులోంచి బండి మీద పోతున్నాడు. అతనూ ఆ ఫ్యాక్టరీవాడే. ఆగి ఒక్క మాట అడిగితే పోయేది. షిఫ్టుకు ఆలస్యమవుతోందని ఆగలేదు గానీ, ఫ్యాక్టరీకి చేరాక చెప్పడానికి మాత్రం తీరిక చేసుకున్నాడు. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో తవ్వకాల మధ్య బస్సు పాకుతుంటే కనకరాజు, తిరుపతి ఒకే సీట్లో పక్కపక్కన కూర్చుని కునికిపాట్లు పడుతున్నారు. ఆ ముప్పావుగంటలో నాచారంలో తిరుపతి కనకరాజును గడపలో పడేసి తన్నేశాడు. టైం ఆఫీసుకు చేరేసరికి ఆ కథలో మెడ విరిగింది. క్యాంటీన్‌కు చేరేసరికి ఇద్దరి మధ్యా ఏదో పాత పగ కూడా దొరికింది.

మెడకు పట్టీతో కనకరాజు, అతని సంచి మోస్తూ తిరుపతి గేటు దాటగానే ఇద్దరికీ మేనేజరు రామ్మోహనరావు గది నుంచి పిలుపు వచ్చింది. చీటీ తీయబోయిన కనకరాజును ఆయన చేత్తోనే ఆపాడు. కొట్లాటలో తగిలిన దెబ్బలకు తేలిక పని ఇవ్వడం కుదరదని, ఇద్దరికీ మెమోలు రాస్తున్నానని చెప్పాడు.

"తన్నావా, లేదా?" అని తిరుపతిని అడిగాడు.

తిరుపతికి అబద్ధం చేతకాదు. "తన్నిన సార్. మూడుసార్లు. అన్ననే తన్నమన్నడు."

"నా మంచికే తన్నిండు సార్," అన్నాడు కనకరాజు. ఆ మాటతో మెమోలో ఇంకో పేరా పెరిగింది.

కుర్చీ పోయినట్టేనని, దాంతోపాటు చెయ్యీ పోయినట్టేనని కనకరాజుకు దిగులు ముంచుకొచ్చింది. ఎడమచేత్తో చీటీని బల్ల మీద పెట్టి, ఎదురుకాళ్ల సంగతి మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. చీటీ మీద తేదీ నాలుగు రోజుల కిందటిది. రామ్మోహనరావు అది చదివి కలం పక్కన పెట్టాడు. రెండు చేతులతో బల్లను పట్టుకుని మెల్లగా లేచి, వెళ్లి తలుపు గడియ వేశాడు.

"నిజంగా ఎదురుకాళ్లతోనే పుట్టావా?" అని గొంతు తగ్గించి అడిగాడు. "నాలుగేళ్లుగా నడుము చంపేస్తోందయ్యా."

మళ్లీ దండం, మళ్లీ మూడుసార్లు. ఆయన నేల మీంచి లేచి, అటూ ఇటూ వంగి చూసుకుని, చాలా తేలిగ్గా ఉందన్నాడు. ఆ హుషారులో మెమోలు చింపేసి, గేటు దగ్గరి కుర్చీని అప్పటికప్పుడే తిరుపతికి ఇచ్చేశాడు. బస్తాలు మోస్తే ఆ కాలికి ఏమన్నా అయితే ఎలా అన్నాడు.

"మరి నా మెడ సార్?" అన్నాడు కనకరాజు.

"నువ్వు పొద్దున్నే తన్నించుకున్నావుగా. ఇంకేం?"

తిరుపతి సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాటి నుంచి, మేనేజరు తన గదిలోకి పోగానే కనకరాజును తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, అతని బస్తాలు తను మోశాడు. కనకరాజు మెడకు పట్టీతో, మాత్రలు మింగుతూ, వ్యాయామాలు చేసుకుంటూ ఆ కుర్చీలో ఏడు వారాలు గడిపాడు. బొటనవేలికి స్పర్శ వచ్చింది, కంటికి నిద్ర వచ్చింది.

పేరు మాత్రం తిరుపతి కాలికి వచ్చింది.