తూర్పువాళ్ల గడియారం

నాగరికత రాతితో కట్టబడును. దానిని చూడ తలెత్తినవాని టోపీ నేల రాలవలెను. ఇంగ్లండు ఉత్తరాన మా క్లెగ్‌బరో టౌన్ హాల్‌ని విక్టోరియా రాణి కాలంలో నూలుమిల్లుల పెద్దలు ఈ సూత్రం మీదే కట్టించారు. గుమ్మం ముందు న్యాయదేవత, పొదుపుదేవత నిలబడి ఉంటారు. (న్యాయదేవత త్రాసులో పావురాలు కాపురం పెట్టాయి. ఒకవైపు సంతానం ఎక్కువ.)

గోపురానికి మూడువైపులే గడియారం. తూర్పున బోడి గోడ. అటున్న డన్‌షా ఊరు గోపురానికి చందా ఇవ్వలేదు కనుక వాళ్లకు సమయం ఊరికే చూపించకూడదని పెద్దల తీర్మానం. తరవాత డన్‌షాని మా ఊళ్లో కలిపేశారు. పన్నులు కలిశాయి, గోడ అలాగే ఉంది.

ఆమధ్య ఒక గురువారం డన్‌షా నుంచి ఆల్మా ఎంట్విసిల్ అనే డెబ్బై ఏళ్ల పెళ్లికూతురు పదకొండింటి ముహూర్తానికి టౌన్ హాల్‌కి వచ్చింది. పెళ్లికొడుకు క్లిఫర్డ్‌ది గడియారం కనిపించే పడమటివైపు. పౌర ప్రతీకల ఉపాధికారి థ్రెల్‌ఫాల్ గారు ఆవిడను గుమ్మంలో ఆపారు.

"వస్తూ గోపురం మీద టైమెంతో చూశారామ్మా?"

"మావైపు గోడేగా బాబూ ఉంది. నా వాచీలో పదకొండు కావస్తోంది."

"వాచీ మీదేనమ్మా. టైము మునిసిపాలిటీది."

"అయితే ఆలస్యమయిందంటావా?"

"అబ్బే, మీకింకా టైమే కాలేదు. అయ్యాక పిలుస్తాం."

"నాకయిందిగా," అన్నాడు క్లిఫర్డ్, మాంసం కూరిన రొట్టె నములుతూ.

"అయితే మీవరకూ కానిచ్చేద్దాం. ఆవిడది తరవాత చూద్దాం."

"మా అమ్మ చెబుతూనే ఉండేది, డన్‌షా పిల్ల వద్దురా అని."

"మీ అమ్మ పోయేదాకా ఆగింది నేను," అంది ఆల్మా. "ఆ రొట్టె ఇటివ్వు."

సాయంత్రందాకా ఆవిడను పిలవలేదు. చూస్తున్న నాకు ఒళ్లు మండింది.

డన్‌షా అంతా గోల చేస్తే కౌన్సిల్ మనసు కరిగి, తూర్పుకీ గడియారం మంజూరు చేసింది. పురాతన రాతికి మేకు కొట్టకూడదు కనుక రంగుతో వేయించారు. బొమ్మ గడియారానికి ఏదో ఒక టైము కావాలి కదా. సిబ్బంది అందరికీ కంఠతా వచ్చిన టైము ఒకటే ఉంది, అదే వేశారు. బ్యాండు మోగింది, మేయరు గారు ప్రసంగించారు.

మర్నాడు పొద్దున్నే ఆల్మా మళ్లీ పూలటోపీ పెట్టుకుని, క్లిఫర్డ్‌ని చెయ్యిపట్టి తీసుకొచ్చింది.

"వస్తూ టైమెంతో చూశారామ్మా?" అన్నారు థ్రెల్‌ఫాల్ గారు, ఎంతో మర్యాదగా.

"చూశా బాబూ. అయిదు."

"అయిదింటికి మూసేస్తామమ్మా. రేపు పొద్దున్నే రండి."