ఎడమ బాబు, కుడి పాప

ఆ రోజు పొద్దున రంగుల బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. వేళకు కొట్టు తెరవాలి, మధ్యాహ్నం దాకా బేరాలు చూసుకోవాలి, భార్య క్యారియర్ తెచ్చాక తిని, గల్లాపెట్టె వెనక కుర్చీలో ఒక కునుకు తీయాలి. టోకు బజారుకు వెళ్ళిన కోడలు సాయంత్రం తిరిగొచ్చేసరికి, మావయ్య ఇంకా ఒంటిచేత్తో కొట్టు నడపగలడని ఆమెకు తెలిసిరావాలి. ఈ చివరిది ఎవరికీ చెప్పలేదు. అసలు పథకం అదే.

ఈ మధ్య కోడలు ఎంతో మర్యాదగా "మీరిక ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకోండి మావయ్యా" అనడం మొదలుపెట్టింది. ఇంటిపట్టున ఉండటం అంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు. కిటికీ పక్కన కుర్చీ, మాత్ర వేసుకున్నారా లేదా అని వచ్చేపోయేవాళ్ళ చేత అడిగించుకోవడం. కొట్టు లేకపోతే తనను బాబాయ్ అని పిలిచే దిక్కే ఉండదని ఆయన దిగులు.

ఆ కొట్లో అమ్మేవి నడక రాని పిల్లల బట్టలు మాత్రమే. చొక్కా, లాగు, టోపీ. అందరికీ ఒకటే కుట్టు, తేడా అంతా రంగులోనే. బాబుకు నీలం, పాపకు గులాబీ. ఎవరొచ్చినా బాబాయి "బాబా, పాపా?" అని ఒక్క ముక్క అడిగేవాడు. వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి చాచి జత తీసి బల్ల మీద పెట్టేవాడు. చూడకుండా తీస్తాడు, తప్పు పోదు అని వీధి వీధంతా చెప్పుకునేది. రంగుల బాబాయి అన్న పేరు అలా వచ్చింది.

అంత పేరు మోస్తున్న మనిషికి లేత నీలానికీ లేత గులాబీకీ తేడా తెలియదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆయన కంటికి రెండూ బూడిద రంగే. ఈ సంగతి కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. ఎడమ అలమర బాబులది, కుడి అలమర పాపలది. ఆయన రంగుల పాండిత్యమంతా ఆ రెండు చేతుల్లోనే ఉంది.

అయితే కుడివైపు కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ పడి గులాబీ బట్టలు వెలిసిపోతున్నాయి. కొట్లో ఈ సంగతి గమనించనివాడు బాబాయి ఒక్కడే. ముందురోజు ఆయన ఇంటికి వెళ్ళిపోయాక కోడలు ఓపిగ్గా నిలబడి, కుడి అలమరలోని సరుకంతా ఎడమ అలమరలోకి, ఎడమ దాన్లోది కుడి దాన్లోకి మార్చేసింది. పొద్దున బజారుకు పోతూ దారిలోంచి ఫోన్ చేసింది.

"కొట్లో చిన్న మార్పు చేశాను మావయ్యా, చూశారా?"

బాబాయి చుట్టూ చూశాడు. అలమరలు ఎప్పటిలా నిండుగా, నీటుగా ఉన్నాయి. గోడ మీద అద్దం మాత్రం కాస్త కిందికి దిగినట్టు అనిపించింది.

"చూశాను. బాగుంది. అసలు నేనే చెబుదామనుకుంటున్నాను."

"హమ్మయ్య. మీరు ఒప్పుకోరేమోనని భయపడ్డాను."

"ఇందులో ఒప్పుకోకపోవడానికేముందమ్మా" అన్నాడు బాబాయి, అద్దంలో మీసం సవరించుకుంటూ.

మొదటి బేరం బస్సు డ్రైవరుది. కొడుకుని క్రెష్‌లో దింపడానికి పోతుంటే దారిలో పిల్లవాడు తాగిన పాలన్నీ కక్కాడట. బాబాయి అలవాటుగా ఎడమ చెయ్యి చాచాడు. బల్ల మీద పెట్టిన జతను చూసి డ్రైవరు దాన్ని తిరగేసి మరగేసి చూశాడు.

"బాబాయ్, వీడు బాబు."

"తెలుస్తూనే ఉందిగా. బాబుకే ఇచ్చాను."

"ఇదేనా వేసేది?"

"ఇన్నేళ్ళలో నేను తప్పు రంగు ఇచ్చానా?"

అంత ధీమాగా అడిగితే డ్రైవరు తన కళ్ళనే అనుమానించాడు. కాలం మారిందేమోలే అనుకుని, బల్ల మీదే పిల్లవాడికి గులాబీ చొక్కా తొడిగి, గులాబీ టోపీ పెట్టి ఎత్తుకుపోయాడు.

వెనకాలే నర్సమ్మ వచ్చింది. మనవరాలిని ఆ క్రెష్‌లోనే దింపి ఆస్పత్రిలో డ్యూటీకి పోవాలి. బాబాయి కుడి చెయ్యి చాచాడు. నర్సమ్మ డ్రైవరులా మొహమాటపడే మనిషి కాదు.

"అదేంటి బాబాయ్, ఆడపిల్లకి నీలం ఇస్తున్నావ్?"

 కోడలు చేసిన మార్పు అద్దం కాదని అప్పుడు బాబాయికి అర్థమైంది. కానీ ఆ మార్పు ఎంతవరకు? అలమరలు మొత్తం తారుమారయ్యాయా, లేక అన్నీ కలిసిపోయాయా? చూసి తెలుసుకుందామంటే ఆయన చూపు ఆ పనికి పనికిరాదు. కోడలికి ఫోన్ చేసి అడుగుదామంటే బాగుందని తానే మెచ్చుకున్నాడు. పొరపాటైందని నర్సమ్మతో అంటే, సరైనది తీసి ఇమ్మంటుంది. ఏ వైపు నుంచి తీయాలి?

"ఇక మీదట ఇంతేనమ్మా" అన్నాడు గంభీరంగా. "పాపలకు నీలం, బాబులకు గులాబీ. మారింది."

"ఎవరు మార్చారు?"

 పెద్దవాళ్ళు మార్చారన్నట్టు బాబాయి పైకప్పు కేసి చూశాడు. నర్సమ్మ జత తీసుకుంది.

బస్సు డ్రైవరుకు ఒక మాట తెలిస్తే ఆ దారిలో ఉన్న స్టాపులన్నిటికీ తెలిసినట్టే. ఎండెక్కేసరికి కొట్టు ముందు జనం పోగయ్యారు. రంగు మీరే ఎంచుకోండి అని బాబాయి బతిమాలాడు. ఎవరూ వినలేదు. "మేమే ఎంచుకునేదానికి మీదాకా ఎందుకొస్తాం?" అన్నారు. ఆయన ఎడమ చెయ్యి, కుడి చెయ్యి ఆడిస్తూనే ఉన్నాడు. బేరం మాత్రం ఎన్నడూ లేనంతగా జరిగింది. ఆయనకు మాత్రం చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

ఎదురుగా ఇంకో పసిపిల్లల బట్టల కొట్టుంది. బాబాయి ఏం చేస్తే ఎదురుకొట్టాయన మర్నాటికల్లా అదే చేస్తాడు. వారం రోజులుగా మాత్రం ఆ పెద్దమనిషి ధోరణి ఎవరికీ అంతుపట్టడం లేదు. అలమరల నిండా సరుకు కనిపిస్తూనే ఉంది, ఎవరొచ్చినా "సరుకు రాలేదు, తర్వాత రండి" అని పంపేస్తున్నాడు. ఇవాళ కొత్త పద్ధతి చెవిన పడగానే షట్టరు సగం దించి, లోపల అలమరలు ఖాళీ చేయడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం బాబాయి భార్య క్యారియర్‌తో వచ్చేసరికి, క్రెష్ నడిపే టీచరమ్మ బల్ల ముందు నిలబడి ఉంది. కోపంగా లేదు. అంతకంటే భయపెట్టే నెమ్మదితో మాట్లాడుతోంది.

"మా ఆయా పొద్దుట్నుంచీ ఒక బిడ్డని బుజ్జితల్లీ, బంగారుతల్లీ అని ఆడిస్తోంది. తడిగుడ్డ మార్చబోయి కుర్చీలో కూలబడిపోయింది. పిల్లలెవరూ తారుమారు కాలేదు గానీ, ఆయా ఇంకా లేవలేదు."

"అయ్యో" అన్నాడు బాబాయి. ఆ ఒక్క మాటా మనస్ఫూర్తిగా అన్నాడు.

"పద్ధతి మారితే మారింది. మాకు పక్కబట్టలు, టోపీలు, పాలసీసాల తొడుగులు అన్నీ రంగుని బట్టే. అన్నీ మార్పిస్తాను. మీ మాట మీదే మార్పిస్తున్నాను. ముందు పిల్లలకి బట్టలు తీసుకెళ్తాను. ఏదీ, గులాబీవి తీసి ఈ పక్కన పెట్టండి."

బాబా పాపా అని ఆమె అడగలేదు. గులాబీ అంది. వెనక జనమంతా మెడలు చాచి చూస్తున్నారు. బాబాయి రెండు చేతులూ లేచి, ఎటూ పోలేక గాల్లో ఆగిపోయాయి.  ఇంతకాలం మోసిన పేరు, ఈ బల్ల, ఈ కుర్చీ అన్నీ ఈ ఒక్క క్షణంలో పోతున్నాయని ఆయనకు తెలిసిపోయింది.

భార్య క్యారియర్ బల్ల మీద పెట్టింది. అలమరల వంక ఒకసారి చూసింది.

"గులాబీవి నేను తీస్తాను, మీరు కొలతలు చూడండి" అంటూ ఎడమ అలమర దగ్గరికి నడిచింది.

"కారణమేమిటని తల్లిదండ్రులు అడుగుతారు" అంది టీచరమ్మ. "ఏం చెప్పమంటారు?"

బాబాయి భార్య కేసి చూశాడు. ఆమె బట్టలు లెక్కపెట్టడం ఆపలేదు.

"దీనికేం కారణం లేదమ్మా" అన్నాడు బాబాయి. " ముందున్నదానికి మాత్రం ఏం కారణం ఉంది? పాలు కక్కే పిల్లలకి ఉతుక్కునే వీలుంటే చాలు."

 టీచరమ్మ రెండు రంగులూ కలిపి కట్టమంది. తొడుగుల మీద పిల్లల పేర్లు రాయిస్తానంది. అది ఎప్పుడో చేయాల్సిన పని అని కూడా అంది.

జనం పలచబడ్డాక మొగుడూ పెళ్ళాలు క్యారియర్ విప్పారు. బాబాయి ముద్ద కలుపుతూ అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పెళ్ళైన కొత్తలోనే. నేను ఆకుపచ్చ స్వెట్టర్ వేసుకుంటే, ఈ ఎరుపు నీకు భలే నప్పిందన్నారు."

"మరి చెప్పలేదేం?"

"నప్పిందన్నారు కదా, చాలనుకున్నాను. ఎడమ బాబులకి, కుడి పాపలకి అని ఈ కొట్టు సర్దిందెవరు?"

సర్దింది తానే అని ఆయన ఇన్నేళ్ళూ అనుకున్నాడు. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా మడతలు పెట్టే వంకతో ఆమె ఎందుకు కూర్చునేదో ఇప్పుడు అర్థమైంది. ఆయనకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఆమె మీద ప్రేమ పొంగింది. పైకి మాత్రం పెరుగు కాస్త వడ్డించమన్నాడు.

సాయంత్రం కోడలు వచ్చింది. భార్య చెప్పబోతే ఆపి, బాబాయే మొత్తం చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల చూపులే. కిటికీ పక్క కుర్చీ కళ్ళ ముందు కదిలింది.

"మరి పొద్దున బాగుందన్నారు?" అంది కోడలు.

"అద్దం గురించి అనుకున్నానమ్మా."

"అద్దం నేను ముట్టుకోలేదు మావయ్యా."

 కోడలు సంచీ పక్కన పెట్టి, కొంగు బిగించి, ఎడమ అలమరలోవి కుడికి, కుడివి ఎడమకు మళ్ళీ మార్చసాగింది. "ఎండకి కిటికీకి తెర కడదాం. రేపు పొద్దున మీరొచ్చేసరికి అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి" అంది. రేపు పొద్దున మీరొచ్చేసరికి అన్న మాట బాబాయికి చాలాసేపు చెవుల్లో తిరిగింది. కళ్ళు తడిశాయి. దుమ్ము పడిందని అద్దం దగ్గరికి వెళ్ళాడు.

అప్పుడే ఎదురుకొట్టాయన గుమ్మంలోకి వచ్చాడు.

"అన్నయ్యా, నువ్వు మార్చావని నేనూ మార్చాను. రంగుల్లో నిన్ను మించినవాడు లేడు. ఒక్కసారి వచ్చి, సరిగ్గా సర్దానో లేదో చూసిపో."

పిలిస్తే కాదనలేక బాబాయి వెళ్ళాడు. అక్కడా రెండు అలమరలు, రెండూ బూడిద రంగే. చేతులు వెనక్కి కట్టుకుని ఎడమ వైపు చూశాడు, కుడి వైపు చూశాడు. బాగుంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున ఆ మాట ఎంత పని చేసిందో గుర్తొచ్చింది.

"ఒక్క నిమిషం ఆగు తమ్ముడూ" అన్నాడు. "నాకు రంగులు తెలియవు. మా ఆవిణ్ణి పిలుచుకొస్తాను."

ఎదురుకొట్టాయన కుర్చీలో కూర్చున్నాడు.

"త్వరగా పిలువు అన్నయ్యా. మా ఆవిడ పుట్టింటికి వెళ్ళి వారమైంది."