కవచం గారి నడుంనొప్పి

ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా రామకోటేశ్వరరావు స్నానం చేసి, నాలుగు ఇడ్లీలు తిని, గది తలుపు దగ్గరగా వేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పదకొండింటికి భవానీపురంలో కరెంటు తీసేస్తారు. ఈలోపు నేలమాళిగలో ఉన్న రాక్షసుణ్ణి చంపాలి. కాలవల ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా ఫైళ్ళు నడిపిన మనిషికి ఆ మాత్రం ప్రణాళిక కష్టం కాదు.

ఇంటర్నెట్ ఆటలో ఆయన పేరు కవచం, పాత్ర పాలడిన్. అంటే దేవుడి పేరు చెప్పుకుని డాలు పట్టే యోధుడు. రాక్షసుణ్ణి రెచ్చగొట్టి, వాడి దెబ్బలన్నీ తన మీదికే తెచ్చుకోవడం ఆయన పని. ముగ్గురు వెనకనుంచి పొడుస్తుంటారు. ధన్వంతరి అనే ఇంకొకడు ఈయన గాయాలు మాన్పుతుంటాడు. ఆట పేర్లేగానీ ఎవరు ఎవరో వాళ్ళలో ఒకరికొకరికి తెలీదు. కవచం చెయ్యి తీశాడంటే రాక్షసుడు మిగతా నలుగుర్నీ నిమిషంలో నమిలేస్తాడు. ఆరు ఆదివారాలుగా నములుతూనే ఉన్నాడు.

ఆ రోజే మధ్యాహ్నం ఆయన భార్య సుబ్బరత్నం అన్న వెంకటప్పయ్య, తన కూతురు సింధూరి పెళ్ళికి పిలవడానికి ఇబ్రహీంపట్నం నుంచి వస్తానన్నాడు. గృహప్రవేశానికి బావగారు ఇంటికొచ్చి పిలవకుండా ఫోన్లో పిలిచాడన్న కోపంతో ఆయన మూడేళ్ళుగా ఈ గుమ్మం తొక్కలేదు. సుబ్బరత్నం తెల్లవారకముందే లేచి బొబ్బట్లకి శనగపప్పు నానేసింది.

పదినుంచి వర్జ్యం ఉందని పంచాంగం చూసుకుని వెంకటప్పయ్య తొమ్మిదిన్నరకే దిగాడు.

సుబ్బరత్నం గదిలోకి పరిగెత్తింది. "అన్నయ్య వచ్చాడండీ. లేవండి."

"రాక్షసుడికి సగం ప్రాణం పోయింది. పది నిమిషాలు ఆగు."

"మీరు లేచి ఎదురెళ్ళకపోతే వెనక్కి పోతాడు. ఈసారి పోతే ఇంక రాడండీ."

"నేను లేస్తే నలుగురు చస్తారే."

సుబ్బరత్నం హాల్లోకి వచ్చి నోటికొచ్చింది చెప్పేసింది. "ఆయనకి నడుం పట్టేసిందన్నయ్యా. కుర్చీలోంచి లేవలేకపోతున్నారు."

వెంకటప్పయ్య గదిలోకి తొంగిచూశాడు. బావగారికి చెమటలు కారుతున్నాయి. పళ్ళు బిగించి, రాక్షసుడు కొట్టినప్పుడల్లా "అమ్మా" అంటున్నాడు. వెంకటప్పయ్య మనసు కరిగింది. జేబులోంచి సెల్లు తీసి ఇంటికి ఫోన్ చేశాడు. "బావగారికి నడుం పట్టేసిందే. నేను రావటం లేటవుద్ది. అబ్బాయికి జ్వరం తగ్గిందా? పడుకోనీ, లేపమాక."

తర్వాత పక్కింటి సంజీవరావుని పిలుచుకొచ్చాడు. ఆయన రిటైరైన కాంపౌండరు. చొక్కా పైకెత్తి నడుముకి ఘాటైన మందు రుద్దాడు. ఎవరైనా ఎగిరి గంతేయాల్సిన మందు అది. రామకోటేశ్వరరావు రెప్ప కూడా వెయ్యలేదు.

"స్పర్శ పోయిందండీ" అన్నాడు సంజీవరావు గొంతు తగ్గించి. "ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే."

కింది వాటాలో ఉండే దానమ్మ ఆటో పిలిచింది. కుర్చీతో సహా మోసుకెళ్దామని మగవాళ్ళిద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు.

"నన్ను కదపొద్దు" అన్నాడు రామకోటేశ్వరరావు. "వీడు పోయేదాకా ఆగండి."

వెంకటప్పయ్య మొహం మాడిపోయింది. "ఎవడు పోయేదాకా?"

"నొప్పన్నయ్యా" అంది సుబ్బరత్నం. "నొప్పిని ఆయన వీడు అంటారు."

కుర్చీ లేచింది. చెవుల్లో పెట్టుకున్న హెడ్‌ఫోను వైరు ఊడింది. దాంతో ధన్వంతరి మాటలు స్పీకర్లలోంచి గదంతా వినిపించాయి.

"కవచం గారూ, కంగారుపడకండి. మా నాన్న ఇప్పుడప్పుడే రాడు. మా మావయ్యకి నడుం పట్టేసిందంట. నాకు జ్వరమని చెప్పా కాబట్టి అమ్మ కూడా ఇటు రాదు."

వెంకటప్పయ్య చేతిలో కుర్చీ మెల్లగా నేలకి దిగింది. "సిద్ధార్థా" అన్నాడు. పెళ్ళి పిలుపులకి తోడు రాకుండా పొద్దున్నే ముసుగేసిన కొడుకు గొంతు అది.

రామకోటేశ్వరరావు తెరమీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "తప్పంతా నాదే బావగారూ. ఆదివారం ఆడదామన్నది నేను. అబ్బాయినేం అనకండి. తిట్టాలంటే నన్ను తిట్టండి. సిద్ధార్థా, నువ్వు వైద్యం ఆపమాక."

వెంకటప్పయ్య తిట్టాడు. నడుంనొప్పితో మొదలుపెట్టి గృహప్రవేశం దాకా వెళ్ళాడు. "తోడబుట్టినదాని ఇంటికి ఫోన్లో పిలిస్తే ఎట్టా రమ్మంటారండీ?" అని కుర్చీ చెయ్యి మీద చరిచాడు. అటు రాక్షసుడూ, ఇటు బావగారూ. రామకోటేశ్వరరావు ఇద్దరి దెబ్బలూ కాసుకుంటూ "అవునండీ", "తప్పేనండీ" అంటూ కూర్చున్నాడు.

మూడేళ్ళ కోపం అయిపోయేసరికి రాక్షసుడు కూడా కూలాడు. రామకోటేశ్వరరావు లేచి నిలబడి, బావగారి ముందు వంగి, శుభలేఖ కోసం రెండు చేతులూ చాపాడు.

"మందు పనిచేసింది" అన్నాడు సంజీవరావు తృప్తిగా.

గోడగడియారంలో ఇంకా పది కాలేదు. వెంకటప్పయ్య ఒక్క క్షణం చూసి, శుభలేఖ చేతిలో పెట్టాడు. తర్వాత కుర్చీలో కూలబడి మంచినీళ్ళడిగాడు. సుబ్బరత్నం వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళు ముంచేముందు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ప్రాణం లేచొచ్చినట్టయింది ఆమెకి.

"మగపెళ్ళివారి తరఫున ఒక పెదనాన్న ఉన్నాడు బావగారూ" అన్నాడు వెంకటప్పయ్య బొబ్బట్టు తుంచుతూ. "కాఫీ దగ్గర్నించీ అన్నిటికీ వంకలే. విడిదింట్లో ఆయన ముందు మీరు నిలబడాలి. ఇన్ని తిట్టినా తిరిగి మాటనని మనిషిని నేను చూళ్ళేదు."

పెళ్ళి మూడు రోజులూ మాటలు పడీ, మంచాలు మోసీ, నాలుగోనాడు రామకోటేశ్వరరావుకి నిజంగానే నడుం పట్టేసింది. ఇంట్లో ఎవరూ నమ్మలేదు.